రెండు గ్లాసులు

నెల్లూరు అన్నమునకు పేరుపడిన సీమ. ‘నెల్లు’ అనగా వరి యనియు, ఆ మాటనుండియే ఊరికి ఈ పేరు వచ్చినదనియు పలువురు చెప్పుదురు. పెన్నానది నీటితో పండు మొలగొలుకుల బియ్యము తెలుగుదేశ మంతటను ప్రసిద్ధి కెక్కినది. తూర్పున సముద్రము, ఆ తీరము వెంబడి బకింగ్‌హాము కాలువ, దానికి చేరువను ఉప్పుమళ్ళు, బెస్తపల్లెలు, వానికి పడమట కనుచూపుమేర వరిపొలములు. బియ్యము, ఉప్పు, చేప అను మూడును ఒక్క సీమలోనే సమృద్ధిగా లభించుచుండగా అక్కడ ఆకలికి తావెక్కడిదని తోచవచ్చును. కాని అన్నము పండెడి ఊరిలో అందరికిని అన్నము దొరకుననుట నిజము కాదు. చదువుకొరకు పల్లె విడిచి పట్టణము చేరిన విద్యార్థికి ఈ సంగతి మొదటి వారములోనే తెలియును. కళాశాలలో ఏ గది యెక్కడ నున్నదో తెలిసికొనుటకు ఒక్క పూట చాలును. ఎక్కడ తినవలెను, ఎంతకు తినవలెను, ఎవరి సరసను కూర్చుండి తినవలెను అను ప్రశ్నలకు సమాధానము దొరకుటకు తరములే పట్టినవి.

1957వ సంవత్సరము జూన్ మాసమున అట్టి విద్యార్థి యొకడు ఇస్కపల్లి ప్రాంతమునుండి పెన్న దాటి నెల్లూరు చేరెను. అతని తండ్రి ఉప్పుమళ్ళలో కూలి. సముద్రపు నీటిని మళ్ళలోనికి పారించి, ఎండకు ఇగురనిచ్చి, పేరిన ఉప్పును లాగి కుప్పవేయుట ఆయన పని. వాన పడినచో పని లేదు. పని లేనిచో కూలి లేదు. ఆ వాడలో ఉన్నత పాఠశాల చదువు ముగించిన మొదటివాడు ఆ బాలుడు. వెంకటగిరి రాజావారి పేర వెలసిన వి.ఆర్. కళాశాలలో అతనికి చోటు దొరకెను. ఊరి చివర నొక పూరియింటి వసారాను తనవంటివారు మరిద్దరితో కలిసి అద్దెకు తీసికొనెను. ఉదయము ఒక్కసారి వండుకొని తిని పోయినచో మరల రాత్రికే అన్నము. షెడ్యూల్డు కులముల విద్యార్థుల ఉన్నత విద్యకై ప్రభుత్వము 1944 నుండి వేతన మిచ్చుచుండెను; కాని అది చేతికి వచ్చువరకు దినములు గడుపుకొనవలసిన భారము విద్యార్థిదే.

మధ్యాహ్నము రెండు గంటలు దాటునప్పటికి కడుపు కాలెడిది. కళాశాలకు చేరువ వీథిలో నొక కాఫీ హోటలుండెను. పెనముమీద దోసె కాలు చప్పుడు, సాంబారు పోపు, అప్పుడే దిగిన కాఫీ కషాయపు వాసన — ఇవి యన్నియు కలిసి వీథిలోనికి వచ్చి పోవువారిని పిలుచుచుండెడివి. ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండియే నయాపైసలు అమలులోనికి వచ్చియుండెను. రూపాయికి పదునారణాలు పోయి నూరు నయాపైసలు వచ్చినవి. అణాకు ఆరు పైసలా, ఆరుంబావా యని దుకాణముల యొద్ద తగవులు జరుగుచుండెను. ఆ బాలుని జేబులో పాత రెండణాల నాణె మొకటి యుండెను. ఒక కాఫీకి అది చాలును. ఐనను అతడు లోనికి పోలేదు. ఆ నాణెమును చేతిలో త్రిప్పుకొనుచు ప్రతిదినమును ఆ వాకిలి దాటి పోవుచుండెను.

అది పిసినితనము కాదు. అతని పల్లెలో ఒక టీ దుకాణముండెను. లోపల బల్లమీద కూర్చుండువారికి ఒక వరుస గ్లాసులు. చూరుక్రింద చెక్కిన వెదురుబద్దమీద బోర్లించినవి వేరు గ్లాసులు. ఈ రెండవ వరుస అతని వాడవారికి. వారు వాకిట నిలువబడవలెను. తమ గ్లాసును తామే తీసికొనవలెను. అమ్మువాడు ఎత్తునుండి టీ పోయును. త్రాగిన పిదప దానిని తామే కడిగి చూరుక్రిందనే పెట్టవలెను. డబ్బు మాత్రము అందరిదియు ఒక్క పెట్టెలోనికే పోయెడిది. బాలుడు చిన్ననాడు ఒకసారి పొరపాటున లోపలి గ్లాసును ముట్టుకొనెను. ఆనాడు దుకాణదారుడు అన్నమాటలు విని అతని తండ్రి తల వంచుకొని ఆ గ్లాసు వెల చెల్లించెను, గ్లాసు పగులలేదు. వెల యెందులకో బాలునికి అప్పుడు తెలియలేదు. తెలిసిన తరువాత అతడు ఏ దుకాణము మెట్టును ఎక్కలేదు.

విద్యార్థి యెక్కడ తినవలె నను ప్రశ్న మన దేశమున క్రొత్తది కాదు. పూర్వము గురువునొద్ద చదువుకొనువారు ఇంటింటికి పోయి భిక్ష తెచ్చుకొనెడివారు. తుమ్మెద పూవుపూవునకు తిరిగి కొంచెము కొంచెముగ తేనె సేకరించునట్లు తెచ్చుకొను అన్నము గనుక దానికి మధుకర మని పేరు. తరువాతి కాలమున పట్టణములలో పాఠశాలలు వెలసినప్పుడు ‘వారాలు’ చేసుకొని చదువుట వాడుకలోనికి వచ్చెను. సోమవార మొక యింట, మంగళవార మొక యింట — ఇట్లు ఏడు దినములకు ఏడు ఇండ్లు కుదుర్చుకొని, పేదపిల్లలు భోజనము చేసి చదువుకొనెడివారు. వకీళ్ళు, ఉపాధ్యాయులు, పండితులు ఐన పెద్దలలో ఎందరో ఈ విధముగ చదివినవారే. అన్నము పెట్టిన తల్లుల పుణ్యము చిన్నది కాదు. ఐనను అందు రెండు కొరతలుండెను. మొదటిది: తినువానికి ఆ యన్నముపై హక్కు లేదు. ఇంటివారు ఊరికి పోయినను, ఇంట అశౌచము కలిగినను, ఆ దినము పస్తే. ఆలస్యముగ పోయినచో అడుగుటకు సిగ్గు. రెండవది ఇంకను పెద్దది: ఆ గడప ఎక్కుటకు కులము కావలెను. పేదయైన బ్రాహ్మణబాలునికి తలుపు తట్టుటకు ఇండ్లుండెను. ఉప్పుమళ్ళలోని కూలివాని కొడుకునకు తట్టుటకు తలుపే లేదు.

తరువాత భోజనహోటళ్ళు వచ్చినవి. వానితోపాటు కాఫీ వచ్చెను. కాఫీ మన నేలమీద పుట్టిన పంట కాదు. పదునేడవ శతాబ్దమున బాబా బూదన్ అను ఫకీరు మక్కా యాత్రనుండి తిరిగివచ్చుచు అరబ్బుదేశమునుండి ఏడు గింజలను రహస్యముగ తెచ్చి, కన్నడదేశమున చిక్కమగళూరు కొండలపై నాటెనని కథ కలదు. పిమ్మట ఆంగ్లేయులు దక్షిణ దేశపు కొండలలో విశాలమైన తోటలు వేసిరి. ఇరువదవ శతాబ్దారంభమునకు కాఫీ చెన్నపట్టణమునుండి రైలుదారి వెంట ఊరూరికి ప్రాకెను. దానిని చేయు విధానము చూడ ముచ్చట. రెండంతస్తుల గిన్నెలో పై యంతస్తునకు సన్నని రంధ్రము లుండును. అందు కాఫీపొడి వేసి మరగిన నీరు పోయుదురు. క్రింది యంతస్తులోనికి నల్లని కషాయము బొట్టుబొట్టుగ దిగును. తొందరపడినచో రుచి రాదు. దానిని కాగిన పాలతోను చక్కెరతోను కలిపి, గ్లాసునుండి గిన్నెలోనికిని గిన్నెనుండి గ్లాసులోనికిని తిరగబోసి నురుగు తెప్పింతురు.

పెద్దలు మొదట దీనిని మెచ్చలేదు. చలిదియన్నము తిని పొలము పోవు బలమంతయు ఈ నల్లనీళ్ళవలన పోవుచున్నదని విసుగుకొనిరి. కాని కాఫీ హోటలు ఆగలేదు. పొద్దున నాలుగు గంటలకే పొయ్యి రాజుకొనును. ఇడ్లీ ఆవిరి, పచ్చడి తాలింపు, నెల్లూరి ఎర్రకారము పూసిన దోసె సిద్ధమగును. ఇక్కడ ఒక విచిత్రమున్నది. వారపు ఇంటిలో విద్యార్థి పెట్టినది తినవలెను. హోటలులో తాను కోరినది తినవచ్చును. వారపు ఇంటిలో ‘చాలునా?’ యని అడిగినప్పుడు చాలకున్నను చాలుననవలెను. హోటలులో డబ్బున్నంతవరకు ఇంకొకటి తెమ్మనవచ్చును. అన్నము దయనుండి హక్కులోనికి ఒక్క అడుగు వేసినది.

ఇట్టి అడుగు ఇతర దేశములలోను పడినది. ఇంగ్లండులో పదునేడవ శతాబ్దపు నడుమ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఊరిలో కాఫీశాల వెలసెను. పిమ్మట లండనులో అట్టివి వీథివీథిని వ్యాపించెను. ఒక్క పెన్నీ యిచ్చి లోపలికి పోయినవాడు వర్తకునితోను, పండితునితోను, నావికునితోను ఒకే బల్లయొద్ద కూర్చుండి లోకవార్తలు వినవచ్చును. అందుచే వానిని పెన్నీ విశ్వవిద్యాలయము లనిరి. జనులు అట్లు కూడి మాటలాడుట రాజునకు భయము పుట్టించెను. రెండవ చార్లెసు 1675లో కాఫీశాలలను మూయవలె నని ప్రకటన చేసెను. జనుల కోపము చూచి కొలది దినములలోనే దానిని ఉపసంహరించుకొనెను. మన దేశమునను కలకత్తాలో ప్రెసిడెన్సీ కళాశాల యెదుటి కాఫీ హౌసు విద్యార్థులకు రెండవ తరగతి గదిగా పేరుపొందినది. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయగా, పనివారే సహకార సంఘములుగ కూడి 1957లో వానిని తిరిగి నడప మొదలిడిరి.

కాని మన ఊళ్ళ కాఫీ హోటళ్ళ కథలో ఇంకొక పుట యున్నది. చెన్నపురి రాజధానిలోని హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరు గది, ఇతరులకు వేరు గది ఉండుట చాలకాలము సాగెను. కొన్నింటికి పేరులోనే ‘బ్రాహ్మణ’ అను మాట యుండెడిది. అస్పృశ్యులని సంఘము వెలివేసినవారికి ఏ గదియు లేదు. డబ్బు కులమును అడుగదు. డబ్బు పుచ్చుకొనువాడు అడిగెను.

ఈ అడ్డుగోడ తనంతట కూలలేదు. నెల్లూరు మూలపేటలోని వేణుగోపాలస్వామి ఆలయమున దళితులకు ప్రవేశము కావలెనని పొట్టి శ్రీరాములుగారు 1946లో నిరాహారదీక్ష పూనిరి. ఆ ప్రవేశము పిమ్మట లభించెను. ఇతరులు గుడి మెట్టెక్కుటకై తాను అన్నము మానుకొనిన ఆ మహనీయుని పేరనే నేడు ఆ జిల్లా వ్యవహరింపబడుచున్నది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసెను. పదునైదవ అధికరణము దుకాణములను, భోజనశాలలను, హోటళ్ళను పేరుపెట్టి చెప్పి, కులమునుబట్టి ఎవ్వరిని లోనికి రాకుండ ఆపరాదని శాసించెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను. హోటళ్ళలో ప్రజల వాడుకకై ఉంచిన పాత్రలను ఎవ్వరైనను వాడుకొనకుండ అడ్డగించుట నేరమని ఆ చట్టము స్పష్టముగ చెప్పెను. అనగా ఢిల్లీలో కూర్చున్న శాసనసభ్యులు ఉప్పుమళ్ళ యొద్ది చూరుక్రింది గ్లాసును గూర్చి కూడ ఆలోచించి వ్రాసిరన్నమాట. ఆ చట్టమే 1976లో మరింత గట్టిపడి పౌరహక్కుల రక్షణ చట్టమను పేరు పొందెను.

చట్టము వచ్చిన రెండేండ్లకు ఆ బాలుడు నెల్లూరు చేరెను. హోటలు వాకిట అతనిని ఆపు బోర్డు లేదు. బోర్డులు పోయినను భయము పోలేదు. చట్టము తలుపు తెరువగలదు. చేయి పట్టుకొని లోపలికి తీసికొనిపోవుట దానికి చేతకాదు. దానికి మనుష్యుడు కావలెను.

తరగతిలో అతని ప్రక్కన కూర్చుండు బాలుడు మూలపేటవాడు. పేద బ్రాహ్మణ కుటుంబమువాడు. గణితములో ఇరువురికిని పోటీ. జూలై నెలలో ఒకనాడు మధ్యాహ్నపు తరగతిలో లెక్క చేయుటకు లేచిన ఉప్పుమళ్ళ బాలుడు నల్లబల్లయొద్ద కన్నులు తిరిగి కూలబడెను. ఉపాధ్యాయుడు ఎండదెబ్బ యనుకొనెను. ప్రక్కవాడు అట్లనుకొనలేదు. సాయంకాలము గంట కొట్టగానే, “నాతో రా” యని అతనిని పిలిచికొనిపోయి ఆ హోటలు ముందు నిలిచెను.

“నేను రాను,” అని ఉప్పుమళ్ళ బాలుడు పలికెను.

“నాయొద్దను డబ్బు ఎక్కువ లేదు. ఒక్క కాఫీకి సరిపోవును. రా.”

ఇద్దరును లోనికి పోయి కూర్చుండిరి. రాతిపలక పరచిన బల్ల చల్లగా నుండెను. ఉప్పుమళ్ళ బాలుడు బల్లమీద చేయి పెట్టలేదు. వడ్డించువాడు వచ్చి ఏమి కావలెనని యడిగెను. మూలపేట బాలుడు ఒక కాఫీ చెప్పి, దానితో నొక ఖాళీ గ్లాసు తెమ్మనెను. కొంతసేపటికి పొగలు గ్రక్కు కాఫీగ్లాసును, దాని ప్రక్కన ఖాళీ గ్లాసును బల్లమీద పెట్టిరి.

ఆ రెండవ గ్లాసును చూడగానే ఉప్పుమళ్ళ బాలుని ముఖము వాడిపోయెను. పల్లెలోని చూరు, వెదురుబద్ద, తండ్రి వంగిన తల ఒక్కసారి కన్నులముందు నిలిచినవి. ఇక్కడను రెండు గ్లాసులే! నగరమునను, చదువుకొన్నవారి నడుమను, స్నేహితుని చేతిలోను తనకు వేరు గ్లాసే! అతడు లేచి పోవుటకు సిద్ధపడెను.

అంతలో మూలపేట బాలుడు కాఫీని రెండవ గ్లాసులోనికి వంచెను. వంచి, రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి, వంగి చూచి, ఒకదానిలో కొంచెము తక్కువయిన దని మరల సరిచేసెను. గణితము చేయువాని శ్రద్ధ యది. రెండింటను నురుగు ఒకే యెత్తున నిలిచిన తరువాత వానిని బల్లనడుమకు జరిపి, “నీకు ఏది కావలెనో తీసికో,” అనెను.

ఉప్పుమళ్ళ బాలుడు కదలలేదు. “ఇందులో నాది ఏది?” అని మెల్లగ నడిగెను.

మూలపేట బాలునికి ఆ ప్రశ్న అర్థము కాలేదు. “ఏదైనను నీదే. రెండును ఒకటే కదా!” అనెను.

ఆ మాటతో అతడు చేయి చాచి, మొదట కాఫీ వచ్చిన గ్లాసునే తీసికొనెను. ఎవ్వరును ఏమియు ననలేదు. వడ్డించువాడు ప్రక్కబల్లయొద్ద దోసెలు లెక్కపెట్టుకొనుచుండెను. లోకము తలక్రిందులు కాలేదు. కాఫీ మాత్రము చేదుగను తీపిగను ఉండెను.

తరువాత చాలదినములకు స్నేహము ముదిరినపిమ్మట అతడు ఆ చూరుక్రింది గ్లాసుల కథను స్నేహితునికి చెప్పెను. విన్న మూలపేట బాలుడు తనకును ఇట్టి బాధ తెలియుననెను. “మా తాతగారు ఈ యూరిలోనే వారాలు చేసుకొని చదివినారు. శనివారపు ఇంటివారు తలుపు తాళము వేసికొని పోయినచో ఆయన పెన్నయొడ్డున నీళ్ళు త్రాగి పండుకొన్నారట. అడిగి తిను అన్నము గొంతు దిగదని చెప్పెడివారు,” అనెను.

“మీ తాతగారికి అడుగుటకు ఏడు గడపలుండెను. మా తాతకు ఒక్కటియు లేదు,” అని ఉప్పుమళ్ళ బాలుడు బదులు చెప్పెను. కోపముతో నన్నమాట కాదది. లెక్క తప్పినచోట చూపినట్లు చెప్పెను. మూలపేట బాలుడు చాలసేపు మాటలాడలేదు. ఆకలి ఇద్దరికిని సమానమే కాని, ఆకలి తీరు దారి సమానము కాదని అతనికి ఆనాడు తెలిసెను. ఏ పుస్తకమునందును అతడు నేర్చుకొనని పాఠమును ఆ రాతిబల్లయొద్ద నేర్చుకొనెను. ఉప్పుమళ్ళ బాలుడు మరియొక పాఠము నేర్చుకొనెను: రెండు గ్లాసులు మనుష్యులను విడదీయుటకే కాక, ఒక్కదానిని ఇద్దరు పంచుకొనుటకును పనికివచ్చును. గ్లాసులో దోషము లేదు.

నాటినుండి ఆ హోటలు వారికి రెండవ తరగతి గది యయ్యెను. వేతనము వచ్చిన దినమున చెరియొక కాఫీ. రాని దినములలో ఇద్దరికి ఒకటి. బీజగణితపు లెక్కలు బల్లమీద తడివ్రేలితో వ్రాసికొనుచుండిరి. వడ్డించువాడు వచ్చి గుడ్డతో తుడిచివేయుచుండెను. పరీక్షలనాడు అతడే ఇద్దరికి నిండు గ్లాసులు తెచ్చి పెట్టి ఒకదానికే డబ్బు తీసికొనెను.

ఆ కాలపు హోటళ్ళను గూర్చి చెప్పునప్పుడు వేరొక కొరతనుకూడ మరువరాదు. అచట ఆడపిల్లలు కనబడెడివారు కారు. కుటుంబముతో వచ్చు స్త్రీలకు తెరగట్టిన చిన్నగది యుండెడిది. చదువుకొను బాలిక స్నేహితురాలితో వచ్చి వీథివైపు బల్లయొద్ద కూర్చుండి కాఫీ త్రాగుట ఊహకు అందని సంగతి. అడ్డుగోడ ఒక్కటి కాదు, పలువిధములవి యుండెను. ఒకటి కూలినపిమ్మటనే దాని వెనుక నున్న మరియొకటి కంటబడును.

నేడు నెల్లూరి రూపు మారినది. కావలిలో 1951లో జవహర్ భారతి కళాశాల వెలసినది. నెల్లూరికి దక్షిణమున కాకుటూరులో 2008లో స్థాపింపబడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయమున్నది. కళాశాలల చుట్టును టిఫిను దుకాణములు, టీ బండ్లు, బేకరీలు వెలసినవి. బాలికలు వానియొద్ద కూర్చుండి నిర్భయముగ మాటలాడుకొనుచున్నారు. ఐదు రూపాయలకు పూటభోజనము పెట్టు అన్న క్యాంటీనులు రాష్ట్రమున 2018లో మొదలై, మరుసటి సంవత్సరము మూతపడి, 2024 ఆగస్టులో మరల తెరువబడినవి. 2025 జనవరినుండి ప్రభుత్వ జూనియరు కళాశాలలలో మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. ఆ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గోదావరి లంకల గన్నవరమున వేళ కాని వేళ వచ్చినవారికిని కులము నడుగక అన్నము పెట్టిన తల్లి ఆమె. వారపు ఇంటి దయలోని మంచితనము, హోటలు బల్లలోని హక్కు — ఈ రెండును కలిసిన నాడే విద్యార్థి భోజనము సంపూర్ణమగును.

ఐనను చట్టమునకును పథకమునకును అందని ఆకలి ఎప్పుడును కొంత మిగిలియుండును. నెలాఖరున ఇంటినుండి డబ్బు రాని పిల్ల, ఫీజు కట్టి భోజనము మానుకొనిన పిల్లవాడు, అడుగుటకు సిగ్గుపడి “ఆకలి లేదు” అని చెప్పువారు ప్రతి తరగతిలోను ఉందురు. వారిని కనిపెట్టగలవాడు అధికారి కాదు. ప్రక్కన కూర్చున్న స్నేహితుడే.

ఉప్పుమళ్ళ బాలుడు గణితోపాధ్యాయుడై, అనేక గ్రామములలో పనిచేసి, ఇప్పుడు ఎనుబదియేండ్లు దాటిన వృద్ధుడైనాడు. అతని మనుమరాలు విశ్వవిద్యాలయమున చదువుచున్నది. ఒకనాడు ఆమెను చూచుటకు పోయినప్పుడు ఇద్దరును ద్వారము ఎదుటి దుకాణములో కూర్చుండిరి. మనుమరాలు రెండు కాఫీలు చెప్పి, ఫోనుతోనే డబ్బు చెల్లించినది. కొంచెము దూరమున చెట్టుక్రింద నొక బాలిక పుస్తకము తెరచుకొని కూర్చుండియుండెను. పుట మాత్రము త్రిప్పుటలేదు.

“ఆ అమ్మాయి ఎవరమ్మా?” అని వృద్ధు డడిగెను.

“నా గదిలో ఉండు పిల్లే, తాతయ్యా. పిలిచితిని. ఆకలి లేదన్నది.”

వృద్ధుడు తన గ్లాసు నింకను ముట్టలేదు. దుకాణపువానివైపు తిరిగి, “నాయనా, ఇంకొక గ్లాసు తే,” అనెను. తరువాత మనుమరాలితో, “పోయి ఆ పిల్లను మరియొకసారి పిలువు. తాతయ్యకు ఇంత కాఫీ ఎక్కువని చెప్పు,” అనెను.